అసిరమ్మ చూసింది పడవని

నారాయణమూర్తి గారి మొదటి కవితల పుస్తకంలో ఆడవాళ్లందరూ ఏడుస్తూనే ఉంటారు. ఒడ్డున నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వేటకెళ్లిన మొగుడి కోసం. మూడో పుస్తకానికి వచ్చేసరికి అదే ఒడ్డున వేలం పాడుతుంటారు, బేరగాళ్ల నోళ్లు మూయిస్తుంటారు. మధ్యలో ఏం జరిగింది? ఎచ్చెర్ల యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే.

చదివిన పుస్తకాల వల్ల మారానని కవిగారు ఇంటర్వ్యూల్లో చెప్పారు. మా గైడు జగన్నాధం గారికి అదే వేదం. నాకు మాత్రం మింగుడు పడలేదు. సముద్రం పక్క భావనపాడులో, వేటకెళ్లేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, ఒడ్డు సంగతి నాకొకరు చెప్పాలా?

ఓ సెలవురోజు ఆ మొదటి పుస్తకంలోని కవిత మా అమ్మమ్మ అసిరమ్మకు చదివి వినిపించాను. పకపకా నవ్వింది.

"ఏడుపేటే? పడవ నీట్లో ఎంత దిగిందో సూస్తామే. బాగా దిగితే సేపలున్నట్టు. వడ్డుకొచ్చీలోగా ధర అనుకోవాల గదా! ఎనకటికి ఓ కళ్లజోడు పంతులొచ్చి ఎందుకేడుస్తన్నావమ్మా అంటే ఇదే సెప్పి, అడ్డం తప్పుకోమన్నాను."

గబగబా పుస్తకాలు తిరగేశాను. మూడో పుస్తకం మొదలయ్యేదే పడవ దిగిన లోతు చూసి ధర కట్టే ఆడమనిషితో. ఆ పంతులు కవిగారేనని, ఆయన్ని మార్చింది అమ్మమ్మ మాటేనని నా థీసిస్ నాలుగో అధ్యాయంలో రాశాను.

"తీసెయ్యి శైలజా. ఆధారం లేదు. వైవాలో పట్టుకుంటే డిగ్రీ గోవిందా," అన్నారు జగన్నాధం గారు.

తియ్యలేదు. నాది మొండి ఘటం.

2014లో వైవా. ఎవరైనా వచ్చి వినొచ్చు కాబట్టి ఇద్దర్నీ పిలిచాను: కవిగారు ముందు వరసలో, అమ్మమ్మ వెనక బెంచీలో. ఎగ్జామినర్ సరిగ్గా నాలుగో అధ్యాయం దగ్గరే ఆగారు. "ఆధారం చూపించకపోతే థీసిస్ వెనక్కి పంపిస్తాను."

"ఇద్దరూ ఈ గదిలోనే ఉన్నారండీ, అడగండి," అన్నాను.

అమ్మమ్మ లేచింది. "ఆ కళ్లజోడు పంతులివి నువ్వేనా బాబూ?"

నారాయణమూర్తి గారు కుర్చీలోనే వెనక్కి తిరిగారు.

"నేనే. ఆ రోజు నువ్వన్న మాటతోనే నా రాత మారింది. పుస్తకాల పేర్లు చెప్పుకుంటే గౌరవమని అవే చెప్పుకున్నాను. నీ పేరు ఎక్కడా రాయలేదు. అసలు అడగనే లేదు."

"అడిగితే సెప్పీదాన్ని," అంది అమ్మమ్మ.

ఆయన లేచి నిలబడి, జేబులోంచి పెన్ను తీశారు. "మీ పేరేమిటమ్మా?"

ఎగ్జామినర్ కూడా పెన్ను మూత తీశారు.

"సూరాడ అసిరమ్మ," అంది. "ఇద్దరూ సరిగ్గా రాయండి."