కూర్చునే పని

సోమవారం పొద్దున మరుగుదొడ్డిలో కూర్చోలేక తలుపు గొళ్లెం పట్టుకుని వేలాడాను. ఇది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది నా కాళ్లు. తొడలు రాళ్లలా బిగుసుకుపోయాయి. పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోతోంది. పోనీ ముందురోజు ఏమైనా చేశానా అంటే, పరుగెత్తలేదు, సైకిలెక్కలేదు, నీళ్లలో దిగలేదు. అది నా విశ్రాంతి రోజు. విశ్రాంతి తీసుకున్న మరునాడే మనిషి ఇలా కుంటుతుంటే ఎవరి మీద కోప్పడాలి? తెలియలేదు కాబట్టి అందరి మీదా కోప్పడ్డాను.

మాది ఎమ్మిగనూరు. నేతగాళ్ల ఇల్లు. నా పేరు సంధ్య. డిగ్రీ అయిపోయాక ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఊపిరి తిప్పుకోవడానికి కూడా ఆగకూడదు. మా వీధిలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. మూడు పనుల పందెం అంటారు. "మూడే పనులా? మాకు ముప్పై ఉండాయి. మా మెడలో ఎవురన్నా బిళ్ల ఏసినారా?" అని పక్కింటి హనుమక్క నేను కనిపించినప్పుడల్లా అంటుంది.

ఆ సోమవారం నేను గోడ పట్టుకుని నడుస్తుంటే ఆమెకు పండగైంది.

"వావిలాకు నీళ్లు కాగబెట్టుకోని పోసుకోమంటే ఇనవు. ఆముదం రుద్దుకోమంటే ఇనవు. ఆడపిల్లకు ఈ ఎగురుడు ఏంటికి?"

వావిలాకు పోసుకున్నాను. ఆముదం రుద్దుకున్నాను. ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు ఊరంతా నా కాళ్లకు వైద్యం చెప్పింది. కాళ్లు మాత్రం ఎవరి మాటా వినలేదు. హనుమక్క మీద అరుద్దామనుకున్నాను గానీ అప్పటికి మెట్టు దిగడమే పెద్ద పనైంది.

మా సార్ పేరు శామ్యూల్. ఆదోనిలో ఒక బళ్లో డ్రిల్లు మాస్టరు. కాలువలో నీళ్లున్నన్నాళ్లు గట్టు మీద నిలబడి నాకు ఈత నేర్పించినవాడు. వారమంతా నేను పత్తి లారీల దుమ్ము తింటూ ఆదోనికి సైకిల్ తొక్కుతాను, ఎదురుగాలిని తిట్టుకుంటూ వెనక్కి వస్తాను. మంగళవారం మాత్రం పరీక్ష. ఆదోని కోట కొండ కింద సార్ గడియారం పట్టుకుని నిలబడతాడు, నేనూ లావణ్యా పైదాకా పరుగెత్తాలి. లావణ్యది ఆదోనే. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలకు మా సార్ ఒక్క పేరే పంపాలి. మొదట్లో ఆ పేరు నాదేనని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తర్వాత మంగళవారం మంగళవారానికీ లావణ్య ముందుకు పోయింది, నేను వెనక్కి పోయాను.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఆ మంగళవారం సగం కొండ దగ్గరే నా పిక్కలు పట్టేశాయి. రాయి మీద కూలబడ్డాను. సార్ పైకి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఆదివారం యాడ తిరిగినావు?"

"యాడా తిరగలేదు సార్. మీరు కూర్చోమన్నారు. పొద్దంతా ఇంట్లో కూర్చున్నా."

"అబద్ధాలు సెప్పొద్దు. పొద్దంతా కూర్చున్న కాళ్లు ఇట్లుంటాయా? యా పెండ్లికి పోయి ఎగిరొచ్చినావో!"

నాకు కోపం నషాళానికి అంటింది. "కూర్చున్నా అంటాండా గదా సార్! ఒట్టు పెట్టాల్నా?"

"ఒట్టు కొండెక్కుతుందా? వచ్చే మంగళవారం దాకా సూస్తా. ఆ తర్వాతది కడాపటిది. అప్పుడూ ఇట్లే ఉంటే లావణ్య పేరు రాసి పంపిస్తా."

చేయని తప్పుకు తిట్లు తినడం ఎంత మంటగా ఉంటుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది. ఇంటికి వచ్చేదాకా సైకిల్ మీద ఆయనకు జవాబులు చెబుతూనే వచ్చాను. అన్నీ మంచి జవాబులే. ఆయన ముందు ఒక్కటీ గుర్తురాలేదు.

ఆదివారం నాడు సార్ చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. బండి మీద, ఆదోని నుంచి, నేను ఎక్కడ తిరుగుతున్నానో పట్టుకుందామని. తలుపు తీసే ఉంది. నేను ఆయన చెప్పినట్టే కూర్చుని ఉన్నాను.

"ఏం సేస్తాండావు?" అన్నాడు గడపలో నిలబడి.

"కూర్చున్నా సార్. సూడండి మీ కండ్లతో."

గెలిచినట్టే అనుకున్నాను. సార్ మాత్రం నా మొహం చూడటం లేదు. వంగి గుంతలోకి చూస్తున్నాడు.

మాది గుంట మగ్గం. నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వేలాడేస్తాం. గుంతలో రెండు పలకలుంటాయి. కుడి కాలితో ఒకటి తొక్కితే సగం దారాలు లేస్తాయి, అడ్డదారం చుట్టిన నాడె ఈ వైపు నుంచి ఆ వైపుకు పోతుంది. ఎడమ కాలితో ఇంకొకటి తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె వెనక్కి వస్తుంది. అలా పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా. నడుము పోయినప్పటి నుంచి నాన్న వెంకటేశ్వర్లు మగ్గమెక్కడం లేదు. నూలు తెస్తాడు, చీర ఇచ్చి వస్తాడు. మగ్గం మీద అమ్మే. సార్ నాకు ఆదివారం పూట విశ్రాంతి అన్నప్పటి నుంచి ఆ ఒక్కరోజు నేను కూర్చుంటున్నాను, అమ్మ వారం బట్టలు ఉతుక్కుంటోంది. "సార్ కూర్చోమన్నాడు గదమ్మా, ఈడ కూర్చో," అన్నాడు నాన్న మొదటి ఆదివారమే. అందులో మోసం ఏమీ లేదు. మా ఇళ్లలో కాళ్ల పని అంటే వీధిలో పడుగు నూలు పొడవునా సాచి అటూ ఇటూ నడవడం, నీళ్లు మోయడం. మగ్గం కూర్చునే పని. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా పెద్దవాళ్లు అదే చెబుతారు, ఎండకు పోయే పని లేదు, నీడపట్టున కూర్చునే పని అని.

"దీన్నా కూర్చోవడం అంటారు?" అని అరిచాడు సార్.

నాన్న లేచి వచ్చాడు. "మరేమంటారు సార్? నిలబడినట్లుందా మీకు?"

"వారమంతా సైకిల్ తొక్కిస్తాండా. ఆరాం తీసుకోమంటే ఇంట్లో గుంత తవ్వి ఇంకో సైకిల్ పెట్టినారు గదప్పా! లెయ్ పైకి!"

లేచాను. లేవడానికి మగ్గం దూలం పట్టుకోవాల్సి వచ్చింది. సార్ బొటనవేలితో పిక్క మీద నొక్కాడు. వీధి చివరికి వినిపించేలా కేక పెట్టాను.

"ఇన్నావా వెంకటేశ్వర్లూ? పని సేస్తే కండ లోపల తెగుతుంది. పండుకుంటే అతుక్కుంటుంది. అతుక్కున్న కండ ముందటికన్నా గట్టిగుంటుంది. ఈ పిల్ల తెగిందాన్ని అతుక్కోనీయకుండా మళ్లా తెంపుతాంది."

తెగడం, అతకడం అనేసరికి నాన్నకు అర్థమైంది. తలూపాడు. సార్ నాకు చెప్పాల్సినవి చెప్పాడు. వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనించాలి. కడుపునిండా తినాలి, నిద్రపోవాలి, సాయంత్రం నిమ్మళంగా కాస్త నడవాలి. "వచ్చే ఆదివారం ఈ గుంతలో నీ కాలు కనపడిందా, మళ్లా నా ముందరికి రావద్దు."

"సరే సార్, దాందేముంది," అన్నాడు నాన్న. "ఇంగ ఆదివారం గూడా వాళ్లమ్మే కూర్చుంటుంది."

అమ్మ అప్పుడే పెరట్లో బట్టలు వదిలేసి టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. మా అమ్మ భాగ్యమ్మ కొత్తవాళ్ల ముందు నోరు విప్పే మనిషి కాదు. గ్లాసు సార్ చేతికిచ్చి అక్కడే నిలబడింది.

"సార్, నాకూ ఇట్లే పిక్కలు గుంజుతాయి. గుడ్డ బిగించి కట్టుకోని పండుకుంటా. వయసు మీద పడిందేమో అనుకుంటి. అది గూడా తెగిందేనా?"

సార్ ఆమె పాదాలకేసి చూశాడు. "తెగిందే అమ్మా."

"మరి నాకు అతుక్కునేది ఎప్పుడు సార్?"

సార్ టీ తాగాడు. మళ్లీ తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా నోటి దగ్గరే పెట్టుకున్నాడు. తర్వాత టైమైందని బయటికి వచ్చి బండి తీశాడు.

ఆ బండి చప్పుడు వీధి దాటకముందే నేను నాన్న మీద పడ్డాను.

"ఆదివారం గూడా అమ్మేనా? ఆమె కాళ్లు కట్టెలా?"

"మగ్గం ఖాళీ పెడితే ఎట్ల జరుగుతుంది? అమావాస్యకు నిలుపుతానే ఉండాం గదా."

నిలుపుతాం. అమావాస్య నాడు మా వీధిలో ఒక్క మగ్గమూ ఆడదు. మగ్గానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఊదుకడ్డీ వెలిగిస్తాం. బొట్టు పెట్టిన మగ్గాన్ని ఆ రోజు తొక్కకూడదు. తొక్కినవాళ్లను నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రోజు గుంతలో దిగి దూది పీచు ఎత్తేది అమ్మ. పలకలు తుడిచేది అమ్మ. ఇల్లు అలికేది, పప్పు రుబ్బేది, పూజకు అన్నీ సర్దేది అమ్మ.

"మగ్గానికి నెలకొక సెలవు పెట్టినారు నాయనా. ఆ సెలవు నాడు దానికి సేవ సేసేది గూడా అమ్మే. కొయ్యకున్న పాటి విలువ మనిషికి లేదా ఈ ఇంట్లో?"

"నిన్నమొన్న పుట్టినావు. నాకు సెప్తావా?"

"గమ్మునుండు సంధ్యా," అంది అమ్మ. నాన్న మాట కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

ఆ వారమంతా నేను ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మంగళవారం కొండ పైదాకా ఎక్కాను గానీ లావణ్య తర్వాతే. సార్ ఒక్క వేలు చూపించాడు. ఇంకొక్కటే ఉంది.

ఆదివారం అందరికన్నా ముందు లేచి తలంటుకున్నాను. పసుపు కలిపి మగ్గం దూలానికి రాశాను, పలకలకు రాశాను, నాడెకు కూడా రాశాను. కుంకుమ బొట్లు పెట్టి ఊదుకడ్డీ గుచ్చాను. వాసనకు నాన్న లేచి వచ్చాడు.

"ఈ పొద్దు అమావాస్య గాదు గదా!"

"గాదు. ఆదివారం."

"బొట్టు ఎవురు పెట్టమనిరి?"

"ఎవురూ పెట్టమనలేదు. ఇష్టం ల్యాకుంటే తొక్కు నాయనా. బొట్టు పెట్టిన మగ్గాన్ని తొక్కు, నేనూ సూస్తా."

నాన్న మగ్గం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. ఆడపిల్లకు చదువు చెప్పిస్తే ఇంతేనని, డ్రిల్లు మాస్టర్లు కొంపలు కూలుస్తారని వీధికంతటికీ చెబుతూ బయట అరుగు మీద కూర్చున్నాడు. హనుమక్క ఊ కొడుతూ మా వాకిట్లోకి తొంగి చూసి, మగ్గం మీది పసుపు చూసి నోరు మూసుకుంది.

అమ్మ బట్టల బుట్ట అందుకోబోయింది. లాక్కున్నాను.

"వారం బట్టలు సంధ్యా!"

"కుళ్లిపోవు. మాపటికి నాయనా నేనూ ఉతుకుతాం."

చాప వేసి పడుకోబెట్టాను. సార్ చెప్పినట్టు కాళ్లు గోడకు ఆనించాను. ఆమె కాళ్లు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. మునివేళ్ల కింద, పలక ఆనేచోట, చర్మం మందంగా కాయలు కాసింది. పిక్కల మీద గుడ్డ కట్టిన గీతలు. పక్కనే నేనూ పడుకుని నా కాళ్లు పైకి పెట్టాను. కాసేపటికి అమ్మ కాళ్లు వణకడం మొదలైంది.

"నొస్తాండాయి సంధ్యా."

"ఇప్పుడేనా?"

"ఎప్పుడూ నొస్తాయి. ఎవురడిగినారు?"

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది.

మంగళవారం నా కాళ్లు నావే అనిపించాయి. కోట కొండ మీద రాళ్లు దాటుకుంటూ పోతుంటే వెనక లావణ్య అడుగుల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. కిందికి దిగేసరికి సార్ ఫోన్‌లో నా పేరు పంపించేశాడు.

"సూసినావా ఆదివారం మహిమ!" అన్నాడు నవ్వుతూ.

"మా అమ్మ అడిగినదానికి మీరు జవాబు సెప్పలేదు సార్."

నవ్వు పోయింది. "నేనేం సెప్పేదమ్మా? అది మీ ఇంటి సంగతి."

నా కాళ్లు రాష్ట్రం సంగతి, అమ్మ కాళ్లు ఇంటి సంగతి. పేరు వచ్చిన సంతోషం ఆ ఒక్క మాటతో సగం చచ్చింది. ఎదురుగాలిని మళ్లీ తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. వచ్చే ఆదివారం కూడా నాన్నతో కొట్లాడాల్సిందే, ఆ తర్వాతా కొట్లాడాల్సిందే అని దారంతా మాటలు కూడబెట్టుకున్నాను.

ఆదివారం మెలకువ రావడం ఆలస్యమైంది. ఉలిక్కిపడి లేచి గూట్లో కుంకుమ భరిణె కోసం చూశాను. లేదు. ఊదుకడ్డీ వాసన అప్పటికే ఇల్లంతా ఉంది. మగ్గానికి పసుపు రాసి ఉంది. దూలం మీద వరసగా బొట్లున్నాయి, నేను పెట్టినవాటికన్నా పెద్దవి.

అమ్మ చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. కళ్లు మూసుకుంది. నాన్న గడపలో నిలబడి మగ్గాన్నీ అమ్మనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏమే, టీ?"

"పొయ్యి యాడుందో తెలుసు గదా," అంది అమ్మ కళ్లు తెరవకుండానే. "నా కాళ్లు అతుక్కుంటాండాయి."