తిండి మానిన చేప

గోధుమరంగు చేప తిండి మానేసి పద్దెనిమిది రోజులైంది. దానికి తన భార్య కామేశ్వరే ఏదో పెట్టిందని త్యాగరాజుకు పన్నెండో రోజు నుంచీ అనుమానం.

ఆ నాలుగు ఆఫ్రికా చేపల్నీ అతను కిందటేడు, ఎనభై నాలుగులో, మద్రాసు నుంచి ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చాడు. సిక్లిడ్లు అన్నాడు అమ్మినవాడు. అంతకుమించి చెప్పలేదు. ఒక్కొక్కటీ జానెడు పెరిగాయి. ముందుగదిలో నాలుగడుగుల అద్దాల తొట్టి పెట్టించి, సాయంత్రాలు మనుషులతో మాట్లాడే పని లేకుండా దాని ముందు కూర్చునేవాడు. తెచ్చిన రోజునే కామేశ్వరి, "ఆ నీళ్ళు వంటింటి గడప దాటనివ్వకండి. నేను మడి కట్టుకోవద్దూ?" అంది. అతను ఆ మాటను మనసులో ఓ మూల దాచుకున్నాడు.

కాలేజీలో అతను తర్కం చెబుతాడు. ఇంట్లో సాక్ష్యాలు పోగుచేశాడు. నాలుగున్నరకి ఇంటికొచ్చేసరికి రోజూ కామేశ్వరి ముడి తడిగా ఉంటోంది. ఆమె స్నానం తెల్లవారుజామునే అయిపోతుంది. నీచు తగిలితే తప్ప ఇంకోసారి తల తడుపుకోదు. అంటే రోజూ తొట్టిలో చెయ్యి పెడుతోంది. పైగా తొట్టి మూల తను వెయ్యని పెంకు ముక్క ఒకటి నిలబడి ఉంది.

అడగొచ్చు. అడిగితే జాగ్రత్తపడుతుంది.

ఏడాదికి సరిపడా కారం కొట్టించి జాడీలకెత్తే రోజులవి. ఒక సాయంత్రం ఆమె పెరట్లోకి వెళ్ళగానే తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి నీచు ఎరగని నాలుక. నీచు తగిలింది గానీ కారం తగల్లేదు. తగలకపోవడం కూడా ఆమె తెలివికి నిదర్శనంలాగే తోచింది.

మర్నాడు కాలేజీలో, జంతుశాస్త్రం ల్యాబ్ అటెండరు జాన్ బాషాని కదిలించాడు.

"చేప తిండి మానేస్తే ఏమనుకోవాలయ్యా?"

"మీ ఇంట్లో పప్పుచారు పోశారేమో సార్, అలిగుంటది," అని నవ్వాడు జాన్ బాషా, కప్పల జాడీకి మూత బిగిస్తూ.

"వేళాకోళం కాదు. గొంతు ఉబ్బింది. ఏమీ వెయ్యకుండానే నములుతోంది."

"చూడకుండా ఏం చెప్తాం సార్? పగలంతా ఇంటికాడ ఉండేది అమ్మగారు గదా. ఆమెనడగండి. ఏం జరిగిందో ఆమెకే తెలిసుంటది."

ఆమెకే తెలిసుంటుంది. ఆ మాట పట్టుకుని త్యాగరాజు మధ్యాహ్నం క్లాసు వదిలేసి ఇంటికొచ్చాడు. కామేశ్వరి పక్కింటి బాలసరస్వతితో వడియాలు పెట్టడానికి వెళ్ళింది. ఇదే అదను. గొంతులో ఇరుక్కున్నదేదో బయటికి తీస్తే ఇక ఆమె బుకాయించలేదు.

పెంకు తీసి అవతల పడేశాడు. చేపని వలతో మూలకి తోసి, నీళ్ళలోనే చేత్తో పట్టుకుని, కింది దవడ మీద బొటనవేలి గోరు ఆనించి నొక్కాడు. చేప గింజుకుంది. నోరు తెరుచుకుంది.

ముందు ఒకటి వచ్చింది, వడ్లగింజంత, కళ్ళతో సహా. తర్వాత పది. తర్వాత ఓ గుప్పెడు. నల్ల చుక్కల్లా నీళ్ళంతా చెదిరాయి. అవి పిల్లలని అతనికి అర్థమయ్యే లోపలే నీలం రంగు మగచేప వచ్చింది, దాని వెనకే మిగతా రెండూ. దొరికిన పిల్లనల్లా మింగేశాయి. అతని చేతిలోని తల్లి ఖాళీ నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"అయ్యయ్యో! దాని నోరెందుకు తెరిచారండీ?"

వాకిట్లో కామేశ్వరి. చేతులకి వడియాల పిండి.

"నీకు తెలుసా?" అన్నాడతను.

"తెలీకేం? పిల్లల్ని నోట్లోనే దాచుకుని సాకుతోందది. వారం నుంచీ చూస్తున్నా. నోరు కాస్త తెరిస్తే చాలు, లోపల అన్నీ కళ్ళే. ఆ నీలపుది తరిమి చంపుతుంటే పెంకు అడ్డం పెట్టాను. అది పడెయ్యడం, నేను నిలబెట్టడం, రోజూ ఇదే పని."

"నాకు చెప్పలేదేం?"

"అది పిల్లల్ని బయటికి వదిలిన రోజు మీరే చూసి మురిసిపోతారనుకున్నా. మీరైనా నన్నడగలేదేం?"

అతని నోట్లోంచి నిజం వచ్చేసింది. "నువ్వు దానికేదో పెట్టావనుకున్నాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచీ?"

అతను చేపని వదిలేసి, చెయ్యి తొట్టిలోంచి బయటికి తీశాడు.

కామేశ్వరి లోపలికెళ్ళి గాజు గ్లాసు తెచ్చింది. "మీరు తప్పుకోండి," అంది, బస్సులో దారి అడ్డంగా నిలబడ్డ పరాయివాడితో అన్నట్టు. మోచేతి దాకా నీళ్ళలో ముంచి, గాలి గొట్టం వెనక నక్కిన రెండు పిల్లల్ని గ్లాసులోకి ఎత్తింది. అతను చూద్దామని ఒక అడుగు ముందుకేశాడు. ఆమె గ్లాసు మీద అరచెయ్యి బోర్లించి వెనక్కి జరిగింది. ఆమె కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి.