ఓటున్న మనిషి

ఆ రోడ్డు తలుచుకుంటేనే ప్రేమజ్యోతికి గుండె గుభేలుమనేది. ఇర్వింగ్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్లకీ స్కూలుకీ మధ్య ఆరు వరసల్లో కార్లు. సిగ్నల్ లేదు. రెండో క్లాసు చదివే కూతురు మణి రోజూ దాన్ని దాటాలి. భర్త జోసఫ్‌కి ఉద్యోగం హ్యూస్టన్‌లో. భయమేస్తే చెప్పుకోవడానికి ఇంట్లో గోడలే దిక్కు.

సిటీ కౌన్సిల్ ఎలక్షన్‌కి నిలబడ్డాయన డాక్టర్ దామోదర్‌గారింటికి డిన్నర్‌కొస్తున్నాడని చర్చిలో వింది. సిగ్నల్ సంగతి ఆయన చెవిన వెయ్యాలనుకుంది. కిందటేడే సిటిజన్ అయింది, ఓటుంది, భయమెందుకు? మనవాళ్ళ భోజనాలంటే తలో వంటా పట్టుకెళ్ళడమే కదా, చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని గిన్నెడు పులిహోర కలిపి, మణిని పక్కింట్లో అప్పజెప్పి, హైవే ఎక్కకుండా చుట్టూ తిరిగి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది.

గుమ్మంలో డాక్టర్‌గారి భార్య జయంతి గిన్నె చూసి నొచ్చుకుంది. "అయ్యో ప్రేమా, ఇది పాట్‌లక్ కాదమ్మా. ఆయన ఎలక్షన్ ఖర్చుకి చెక్కు రాసినవాళ్ళకే."

"ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతానండీ. నాకు ఓటుంది."

జయంతి నవ్వింది. "మాకింకా లేదే తల్లీ, గ్రీన్ కార్డులమే. చెక్కు పుచ్చుకునేటప్పుడు అదెవరూ అడగరులే. కిచెన్‌లో కూర్చో, వీలు చూసి పిలుస్తాను."

హాల్లో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. తమ ఇళ్ళ వెనక హైవే రొద భరించలేకపోతున్నామని, గోడ కట్టించమని డాక్టర్‌గారు అడిగారు. "నేను చూసుకుంటాను" అన్నాడు కౌన్సిల్‌కి నిలబడ్డాయన. 'దామోదర్' అని సరిగ్గా పలకడానికి రెండుసార్లు అడిగి నేర్చుకున్నాడు కూడా.

చివరికి జయంతి పులిహోర పళ్ళెం చేతికిచ్చి, "ఈ వంకన వెళ్ళు" అంది. దారిపొడుగునా వల్లించుకున్న ఇంగ్లీషు ఆయన ముందు నిలబడేసరికి ఆవిరైపోయింది.

"సార్, మా రోడ్డు... సిగ్నల్... పిల్లలు..."

"ఈ రైస్ అద్భుతం!" అన్నాడాయన, అప్పటికే ఆమె భుజం మీదుగా వెనకాయన్ని చూసి నవ్వుతూ. "ఆఫీస్‌కి ఫోన్ చేయండి."

చేసింది. ఎన్నిసార్లు చేసినా ఎవరో అమ్మాయి, "ఏ సంస్థ తరఫునండీ?" అని అడిగేది.

"మణి వాళ్ళమ్మని" అనేది ప్రేమజ్యోతి.

ఎలక్షన్ రోజున ఇంకెవరి పేరూ తెలియక ఆయనకే ఓటేసి వచ్చింది. ఆయన గెలిచాడు. మరుసటేడు స్కూళ్ళు తెరిచేసరికి డాక్టర్‌గారి కాలనీ వెనక గోడ లేచింది. ఇక్కడ సిగ్నల్ స్తంభానికి గుంతైనా తవ్వలేదు.

మణి మూడో క్లాసుకొచ్చినా రోజూ తనే చెయ్యి పట్టుకుని దాటించేది.

"వదులమ్మా, ఫ్రెండ్స్ చూస్తున్నారు. ఐయామ్ నాట్ ఎ బేబీ!"

"చూడనీ. నీకేమన్నా అయితే వాళ్ళొస్తారా?"

ఆ రోజు అవతలి గట్టు ఎక్కగానే మణి చెయ్యి విడిపించుకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తింది. ప్రేమజ్యోతి తిరిగి ఇవతలికి రావాలి. కార్లు ఆగడం లేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, సందు దొరికేదాకా అక్కడే నిలబడిపోయింది.