పసుప్పచ్చ గీత

కారు అమ్మేద్దామని నేను నిర్ణయించుకున్నది అందులోంచి లేవలేక కూర్చుండిపోయిన రోజున. పొద్దున్నుంచీ సిటీ బస్సు నడిపి, డ్యూటీ దిగి, సరదాగా ఒక చుట్టు తిరిగొద్దామని నా ఎర్ర స్పోర్ట్స్ కారు తీశాను. తిరిగొచ్చి షెడ్డులో ఆపేసరికి నడుము పట్టేసింది. ఆ కారు సీటు నేలకి జానెడెత్తున ఉంటుంది. ఎక్కడమంటే పడటం, దిగడమంటే పాకడం. హారన్ కొట్టగా కొట్టగా మా ఆవిడ వచ్చి, మంచం కిందనుంచి పాత పెట్టెని లాగినట్టు నన్ను బయటికి లాగింది.

"ఇంక చాలండీ," అంది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. దాంతో నాకు మరింత దిగులేసింది.

పెళ్లికి ముందు కొన్న కారు అది. రెండే సీట్లు. పిల్లలు పుట్టాక, "నలుగురం దీన్లో ఎలా పడతాం, ఇద్దర్ని డిక్కీలో పెడతారా?" అని మా ఆవిడ ఏళ్ల తరబడి సాధించినా అమ్మలేదు. అదంటే నాకు ప్రాణం, ఇందులో దాపరికమేమీ లేదు. కానీ ఆ ప్రాణమే మన ప్రాణం తోడేస్తుంటే ఎంతకని ఓర్చుకుంటాం? ఒక వారం రేడియేటర్ నీళ్లు కారతాయి, ఒక వారం సైలెన్సర్ మోత, ఇంకో వారం బ్రేకుల కీచురాగం. ఆదివారం వచ్చిందంటే నేను దాని కింద, నా పక్కన మా బావమరిది.

మా బావమరిది యాభై దాటినవాడు. అయినా ఇంట్లో వాడింకా చిన్నోడే. లిఫ్టుల మెకానిక్. భార్య విడిపోయాక రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. వారమంతా పెద్దపెద్ద భవనాల్లో లిఫ్టు గోతుల్లోకి దిగి పనిచేస్తాడు, పలకరించే దిక్కుండదు. ఆదివారం పొద్దున్నే పనిముట్ల సంచి భుజాన వేసుకుని మా షెడ్డులో వాలతాడు. చేతుల కంటే నోటికే పని ఎక్కువ. మధ్యాహ్నం మాతో భోంచేసి, సాయంత్రం ఎండ తగ్గాక వెళ్తాడు.

వాడికో అలవాటుంది. ఏ నట్టు బిగించినా, దాని మీదనుంచి పక్కనున్న ఇనుము దాకా పసుప్పచ్చ పెయింటుతో ఒక సన్నగీత గీస్తాడు. ఆ తర్వాత నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగిపోతుంది, చూడగానే వదులైందని తెలిసిపోతుంది. లిఫ్టుల దగ్గర అది తప్పనిసరిట. వాడు మా ఇంట్లో కుర్చీ కాలు బిగించినా గీత పడాల్సిందే. "వీడికి వదిలేస్తే నా కమ్మలక్కూడా గీస్తాడు," అంటుంది మా ఆవిడ.

కారు కొంటానని ఒక పళ్ల డాక్టరు ముందుకొచ్చాడు, ఆదివారం చూడ్డానికి వస్తానన్నాడు. చిన్నోడికి ఫోన్ చేశాను.

"అమ్మేస్తున్నాన్రా. ఇక నావల్ల కాదు."

అటునుంచి వెంటనే జవాబొచ్చింది.

"మంచిదే బావా. నీ నడుము కంటే ఎక్కువా ఏంటి?"

నాతో ఏ విషయమూ ఇంత తొందరగా ఒప్పుకున్న మనిషి కాదు వాడు.

శనివారం మధ్యాహ్నం, డాక్టరు ముందు పరువు పోకూడదని, నడుముని తిట్టుకుంటూ కారు కింద దూరాను. రేడియేటర్ గొట్టం మళ్లీ తడిగా ఉంది. పోయిన ఆదివారమే చిన్నోడు దాని క్లిప్పు బిగించాడు. ఆ క్లిప్పుకుండే స్క్రూ మర మీద వేలు పెడితే చాలు, గిర్రున తిరిగేలా ఉంది. తిప్పబోతూ టార్చి వేసి చూశాను. పసుప్పచ్చ గీత ఉంది. ఎక్కడా తెగకుండా, తిన్నగా ఉంది.

నాకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. మర తనంతట తాను వదులైతే గీత తెగాలి. తెగలేదంటే, వాడు గీత గీసినప్పుడే అది వదులుగా ఉంది. వదులుగా వదిలింది వాడే. కావాలని చేసిన పనికి కూడా అలవాటు కొద్దీ గీత పెట్టాడు వెధవ!

ఒళ్లు మండిపోయింది. ఎన్ని ఆదివారాలు ఈ చల్లటి నేల మీద వీపు అరగదీసుకున్నాను! బస్సులో గతుకులు సరిపోలేదనా? ఫోన్ చేసి దులిపేద్దామనుకున్నాను. కానీ ఫోన్ కోసం లేవాలంటే ఓపిక లేదు. అక్కడే పడుకుని ఆలోచించాను. కారు బాగైపోయి ఉంటే వాణ్ని నేను పిలిచేవాణ్నా? పిలిచేవాణ్ని కాదు. పనిలేకుండా మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టే ఓపిక నాకెప్పుడూ లేదు. వంక లేకుండా వచ్చే మనిషి కాదు వాడు, అభిమానం ఎక్కువ. రేపు ఈ కారు వెళ్లిపోతే వాడి ఆదివారం కూడా ఆ రెండు గదుల్లోనే గడవాలి. జాలి, కోపం, నడుంనొప్పి అన్నీ కలిసి నా కళ్లలో నీళ్లు తెప్పించాయి. మర బిగించకుండానే బయటికి పాకాను.

ఆదివారం పళ్ల డాక్టరు వచ్చాడు. చిన్నోడు అప్పటికే షెడ్డులో ఉన్నాడు. డాక్టరు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, తలుపులు తీసి వేసి, ఇంజను స్టార్ట్ చేయించుకుని విన్నాడు. ఇంతలో నేల మీద తడి చూశాడు.

"ఇదేంటండీ, నీళ్లు?"

నేను చిన్నోడి వైపు చూశాను. వాడు ఒక్క మాటంటే చాలు. పాత బండి సార్, ఇది మామూలే, ఎంత చేసినా ఇంతే అంటే డాక్టరు అటునుంచి అటే పోయేవాడు. వాడు అలా అంటే నేను కాదనకూడదని రాత్రే అనుకున్నాను.

చిన్నోడు సంచి విప్పాడు. ఇంజను ఆపించి, కారు కిందికి దూరి, మణికట్టు నరం ఉబికేదాకా ఆ మర బిగించాడు. పాత గీతని గుడ్డతో గీకి తుడిచి, కొత్త గీత గీశాడు.

"క్లిప్పు వదులైంది సార్, అంతే. ఇంక కారదు," అన్నాడు. నా మొహం చూడలేదు.

కారు వెళ్లిపోయింది. షెడ్డు ఉన్నట్టుండి పెద్దదైపోయింది. చిన్నోడు పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. తుడవక్కర్లేనివి కూడా తుడిచాడు.

"వస్తా బావా."

"భోంచెయ్యవా?"

"ఆకల్లేదు."

వచ్చే ఆదివారం కూడా రారా అనాలి. నాకు అలాంటివి అనడం చేతకాదు.

"వంటింట్లో కుళాయి కారుతోంది. చూసి పో," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో."

వాడు సంచి భుజం మీంచి దించాడు. కుళాయికి పూటంతా పట్టింది. భోజనం కూడా చేశాడు, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

ఆ వారం మధ్యలో నేను డ్యూటీ దిగొచ్చేసరికి మా ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని కుళాయి ముందు నిలబడి ఉంది.

"బాగుచేశాడన్నారు. చూడండి, మళ్లీ మొదలు."

కళ్లజోడు పెట్టుకుని, సింకు కిందికి కష్టపడి వంగి చూశాను. నట్టు తడిగా ఉంది. దాని మీద పసుప్పచ్చ గీత తిన్నగా, ఎక్కడా తెగకుండా ఉంది.

"చూస్తారేం? స్పానర్ సొరుగులోనే ఉంది, ఓ తిప్పు తిప్పండి," అంది.

"నావల్ల కాదు," అన్నాను. నట్టు కింద ఒక గిన్నె పెట్టి, నడుం పట్టుకుని లేచాను. "ఆదివారం చిన్నోడు వస్తాడుగా."