నాలుగో మూల

ఉదయం పదకొండున్నరకు ఒక తల్లి కంప్యూటర్‌ను రిపేరు షాపుకు తెచ్చింది. ఆన్ చేసిన కాసేపటికే అది వేడెక్కి ఆగిపోతోంది. కూతురి చదువుకు ఇంట్లో ఉన్నది అదొక్కటే.

మెకానిక్ ప్రాసెసర్ మీది కూలర్ ఊడదీశాడు. కింద, వేడిని కూలర్‌కు లాగే థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టింది.

“ఎవరమ్మా ఇది రాసింది? బఠాణీ గింజంత చాలు. గోడకి సున్నం కొట్టినట్టు వేలితో పూసేశారు!” అని నవ్వుతూ, స్పిరిట్ గుడ్డతో తుడవసాగాడు.

“మా అబ్బాయి, బాబూ. కిందటి నెల పోయాడు.”

అతని చెయ్యి ఆగింది. అప్పటికి మూడు మూలలు తుడిచేశాడు. నాలుగో మూలన, ఎండిన పేస్టులో బొటనవేలి ముద్ర ఉంది.

“ఆ వేలిముద్ర అలా ఉంచేస్తే ఇది మళ్లీ ఆగిపోతుందా?” అని తల్లి అడిగింది.

“ఏం కాదమ్మా. ఈ కూలర్ గుండ్రంగా ఉంటుంది, మూలలకు తగలదు. కానీ బిగించాక మీకు కనపడదు.”

ఆమె కళ్లజోడు తుడిచి పెట్టుకుని, వంగి చూసింది.

“బిగించెయ్యి నాయనా. వాడి చెల్లెలికి పరీక్షలున్నాయి.”

అతను మధ్యలో మాత్రం తుడిచి, కొత్త పేస్టు చుక్క వేసి, కూలర్ బిగించాడు. ఒంటిగంట వరకు నడిపి చూశారు. కంప్యూటర్ ఆగలేదు.