దిగుతూ ఒకసారి

అతను కొలిమి తలుపు సందుకు గొట్టాన్ని ఎదురుగా పట్టి, కుడికన్ను దానికి ఆనించాడు. గొట్టంలో వెంట్రుకంత సన్నని దీపపు తీగ ఉంది. కరిగిన ఉక్కు వెలుగు ముందు అది నల్లటి గీతలా కనిపిస్తుంది. మీట తిప్పేకొద్దీ తీగ వెలుగుతూ వెలుగుతూ, చివరికి ఉక్కు వెలుగులో కలిసి మాయమవుతుంది. అప్పుడు ముల్లు చూపించే అంకే ఉక్కు వేడి. ముంచి కొలిచే కడ్డీలు ఊరికే కాలిపోతున్నాయని యజమాని ఎప్పుడో మానేశాడు. కార్ఖానా అంతా ఈ కంటినే నమ్ముకుంది. అందరికీ అతను తీగ మామ.

"ఏం బావా, తీగ పోయిందా, చూపు పోయిందా?" అని వెనకనుంచి అరిచాడు ఇసుక మూసలు చేసే బామ్మర్ది.

"నోర్ముయ్యరా. నీ ఇసుకేదో నువ్వు చూసుకో."

రోజూ ఆడే హాస్యమే. కానీ ఈ మధ్య అతనికి నవ్వు రావడంలేదు. పోయిన వారం మూసల్లో పోసిన పోతలన్నీ పాడయ్యాయి. ఇసుక లోహానికి అతుక్కుపోయి, సుత్తితో కొట్టినా రాలలేదు. ఇసుకే నాసిరకమన్నాడు మేస్త్రీ. ఇవాళా అలాగే అయితే బామ్మర్ది సంచి సర్దుకోవాల్సిందే.

అతుక్కున్నది ఇసుక తప్పువల్ల కాదని అతనికి తెలుసు. ఉక్కు మరీ కాగిపోయింది.

కొలతకు ఒక పద్ధతుంది. మీట పెంచుతూ ఒకసారి, దించుతూ ఒకసారి చూడాలి. రెండు అంకెలూ దగ్గరగా వస్తేనే లెక్క. కొన్ని నెలలుగా అతను దించుతూ చూడటం మానేశాడు. చూస్తే రెండూ కలవడంలేదు. కుడికంట్లో నడిమధ్య మసక. వెనకపొర మాడిందనీ, అది తిరిగి రాదనీ, ఉన్న చూపైనా నిలవాలంటే నిప్పుకు దూరంగా ఉండాలనీ కంటి డాక్టరు చెప్పాడు. ఎడమకన్ను పుట్టుకతోనే మందం. ఇంట్లో భార్యకు మాత్రం, "కళ్ళజోడు మార్చమన్నాడు" అన్నాడు.

మీట పెంచాడు. తీగ మాయమైంది. పదిహేను వందల అరవై. పొయ్యాలంటే పదహారు వందలు దాటాలి.

"ఇంకా కాగాలా మామా?" అడిగాడు మేస్త్రీ.

కాగాలి అనేస్తే సరిపోతుంది. ఆ మాటే రోజూ అంటున్నాడు. మూసల పక్కన బామ్మర్ది గొంతుక్కూర్చుని, అరచేత్తో ఇసుకను నిమురుతున్నాడు, పసిపిల్ల వీపు నిమిరినట్టు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు వాడు.

"ఆగండి" అని, మీటను చివరిదాకా పెంచి, మెల్లగా దించాడు. తీగ మళ్ళీ మాయమైంది. పదహారు వందల యాభై.

గొట్టం దించి మేస్త్రీ చేతికిచ్చాడు. "ఒకసారి మీరు చూడండి. ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి చూపిస్తోంది నాకు. గొట్టం మంచిదే. నాకే చూపు ఆనడంలేదు."

మేస్త్రీ అతని మొహంలోకి చూసి, గొట్టం అందుకున్నాడు. పెంచుతూ చూశాడు, దించుతూ చూశాడు. "పదహారు వందల పది. పోసెయ్యండి!"

సాయంత్రం మూసలు పగలగొడితే ఇసుక పొడిపొడిగా రాలిపోయింది. బామ్మర్ది పోతను చేత్తో తడిమి, దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నాకోసం నీ కడుపు కొట్టుకున్నావు కదా బావా."

"నీకోసమా? నీ పని పోతే మీ అక్క నాకు అన్నం పెడుతుందట్రా?"

బామ్మర్ది నవ్వబోయి, మొహం తిప్పుకున్నాడు.

కాపలాకి గేటు దగ్గర కుర్చీ వేయిస్తానన్నాడు మేస్త్రీ. "వచ్చే బండెవరిదో నాకు కనబడొద్దూ?" అన్నాడతను. చెయ్యి ఊపి, గోడ వెంబడి నెమ్మదిగా నడిచి వెళ్ళాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

బట్టలు మార్చుకునే గదిలో, బల్ల కింద అతని బూట్లు ఉండిపోయాయి. నిప్పుకెదురుగా నిలిచిన ముక్కులు రెండూ వేడికి మాడి పగుళ్ళిచ్చాయి. మడమలు మాత్రం కొన్ననాటిలా నల్లగా మెరుస్తున్నాయి.