పండేదాకా కాపలా

...ఆ నీలం చీర తన రీసెర్చ్ గైడ్ మార్టిన్ సార్ కోసమే ఇస్త్రీ చేసింది, సెమినార్ కోసమని అంది గానీ నేనేం పిచ్చివాణ్నా, నాకు స్టీల్ ప్లాంటులో ఫస్ట్ షిఫ్ట్ ఉన్న రోజులే ఆయన సెమినార్లు పెడతాడు, అందుకే ఇవాళ అప్పలకొండతో షిఫ్ట్ మార్చుకున్నాను, ఏటి గురూ, వదిన డాక్టరైపోతే ఇంట్లో నీకు హాజరీ తీస్తాదేటి అని నవ్వాడు, ఫర్నేస్ కన్నా ఆ నవ్వే ఎక్కువ కాల్చింది, సుపేలాలో నా భార్య రోహిణి ఎక్కిన బస్సు వెనకే నా ఆటో, భయ్యా, జల్దీ చలో, దుర్గ్‌లో కాలేజీ గేటు మీద మధ్యప్రదేశ్ చెరిపి ఛత్తీస్‌గఢ్ అని రాసిన రంగు ఇంకా మెరుస్తోంది, ఇవాళ్టితో ఈ రీసెర్చ్ బంద్, అందరి ముందూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాను, వెనక వరసలో కూర్చున్నాను, ముందు వరసలో మార్టిన్, పక్క కుర్చీలో రోహిణి సంచి, చూశారా, సంచి కూడా వాడి పక్కనే.

రోహిణి హిందీలో చెబుతోంది, ఎర్రకణం ఎముక మూలుగలో పుడుతుంది, పచ్చిగా ఉన్నప్పుడు చచ్చిపొమ్మనే ఆదేశం దాని లోపలే ఉంటుంది, ఒక జన్యువు చేసే ప్రోటీన్ ఆ చావుకి అడ్డం నిలబడుతుంది, ఆ జన్యువు తీసేసిన ఎలుకల్లో కణాలు పుడతాయి, పండబోతూ చచ్చిపోతాయి, ఫర్నేస్ దగ్గర కొత్తవాడి బెల్టు పట్టుకుని సీనియర్ వెనక నిలబడతాడే, ఆ ప్రోటీన్ కూడా అలా, అంది, హాలు నవ్వింది, మార్టిన్ కూడా, అది నా మాట, అన్నం తింటూ నేను చెప్పిన మాట, వాడికి ఇచ్చేసింది, లేచాను, లాక్కెళ్లడానికే లేచాను, నోరు మాత్రం మేడమ్, కణం పండాక ఆ జన్యువు ఏమవుతుంది అని అడిగింది.

నన్ను చూసింది, తడబడలేదు, మైకు పక్కకి తిప్పి తెలుగులో, మీరా, డ్యూటీ లేదేటండీ, అని, మళ్లీ మైకులో, పండేటప్పుడు కణం తన కేంద్రకాన్నే బయటికి తోసేస్తుంది, జన్యువు దానితోపాటే పోతుంది, అంది, మరి కాపాడినందుకు ఇదా ఫలితం అన్నాను, హాలు మళ్లీ నవ్వింది, రోహిణి నవ్వలేదు, అది పోతేనే గాలి మోయడానికి లోపల చోటు దొరుకుతుందండీ, అంది, మార్టిన్ వెనక్కి తిరిగి నా ప్రశ్నని మెచ్చుకుంటూ బహుత్ అచ్ఛా సవాల్ భాయ్‌సాబ్ అన్నాడు, ఆశ్చర్యం, వాడి మీద కోపం రాలేదు, వాడు ఎవడైతే నాకేం, మైకు ముందు రోహిణి నిటారుగా నిలబడి తరవాతి ప్రశ్న అడగమంటోంది, ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది మార్టిన్ రాకుండా కాదు, రోహిణి పండకుండా.